ప్రపంచ డార్ట్స్ ఛాంపియన్‌షిప్‌పై పందెం కాసే ముందు వేసుకోవలసిన లెక్కలు

డిసెంబరు రెండో వారంలో ఉత్తర లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మొదలై, మధ్యలో క్రిస్మస్‌కు కొద్దిగా ఆగి, జనవరి మొదటి రోజుల్లో ముగిసే ప్రపంచ డార్ట్స్ ఛాంపియన్‌షిప్‌పై పందెం కాసేవారిలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న "ఎవరు గెలుస్తారు?" అన్నది. ఆ ప్రశ్నకు సమాధానం పందేలు తీసుకునే సంస్థకు, అంటే బుక్‌మేకర్‌కు, మనకంటే బాగా తెలుసు. పందెం కాసేవాడు తేల్చుకోవలసినవి రెండే: ఈ మ్యాచ్ ఎంత పొడవైనది, ఆ పొడవుకు బుక్‌మేకర్ ఇస్తున్న ధర, అంటే గెలిస్తే చెల్లించే రేటు, తగినదేనా. ఆటగాడి పేరు, టీవీలో చూపే సగటు, నిన్నటి రాత్రి చేసిన వీరవిహారం, ఇవన్నీ ఆ రెండింటి తరువాతే వస్తాయి. ఈ వ్యాసమంతా ఆ రెండు విషయాల చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ రాసినదంతా పందెం చట్టబద్ధమైన బ్రిటన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినది. అక్కడ 18 ఏళ్లు నిండినవారు గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఉన్న సంస్థల దగ్గర పందెం కాయవచ్చు. క్రెడిట్ కార్డుతో పందెం కాయడాన్ని 2020 ఏప్రిల్ నుంచి నిషేధించారు. ఆన్‌లైన్ పందేలను చట్టం నిషేధించిన చోట ఉన్నవారికి ఈ లెక్కలు ఆటను మరింత శ్రద్ధగా చూడటానికి మాత్రమే పనికొస్తాయి.

ఆట నిర్మాణం

ఆటగాళ్లిద్దరూ 501 నుంచి మొదలుపెట్టి, వంతుకు మూడేసి డార్ట్‌లు విసురుతూ, వచ్చిన పాయింట్లను తగ్గించుకుంటూ పోయి, ఆఖరి డార్ట్‌ను డబుల్‌లో (పాయింట్లు రెట్టింపయ్యే బయటి సన్నని వలయంలో) గాని నట్టనడుమ ఉండే బుల్‌లో గాని వేసి సరిగ్గా సున్నాకు చేరాలి. ముందుగా చేరినవాడిది ఆ లెగ్. మూడు లెగ్‌లు ముందుగా గెలిచినవాడిది సెట్. మొదటి రెండు రౌండ్లలో మూడు సెట్లు గెలిస్తే చాలు. మూడు, నాలుగు రౌండ్లలో నాలుగు, క్వార్టర్ ఫైనల్లో అయిదు, సెమీఫైనల్లో ఆరు, ఫైనల్లో ఏడు సెట్లు గెలవాలి. 2026 పోటీ నుంచి 128 మంది ఆడుతున్నారు కాబట్టి మొత్తం 127 మ్యాచ్‌లు జరుగుతాయి. అదే సంవత్సరం విజేత బహుమతి 10 లక్షల పౌండ్లకు, మొత్తం బహుమతి 50 లక్షల పౌండ్లకు పెరిగింది.

127 మ్యాచ్‌లన్నిటిపైనా అభిప్రాయం ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఈ పోటీలో డబ్బు పోగొట్టుకునేవారిని గమనిస్తే, వారిలో చాలామంది మొదటి వారంలోనే, సాయంత్రానికి నాలుగు మ్యాచ్‌ల చొప్పున, ఏనాడూ ఆట చూడని ఆటగాళ్లపై కాసినవారే అయి ఉంటారు.

ధరను శాతంగా మార్చుకోవడం

బ్రిటన్ బుక్‌మేకర్లు ధరను భిన్నం రూపంలో చూపుతారు. 4/6 అంటే 6 పౌండ్లు కాస్తే, గెలిచినప్పుడు 4 పౌండ్ల లాభం, దానితోపాటు కాసిన 6 పౌండ్లు తిరిగి రావడం. 11/10 అంటే 10 పౌండ్లకు 11 పౌండ్ల లాభం. దీనిని శాతంగా మార్చాలంటే, కింది అంకెను రెండు అంకెల మొత్తంతో భాగిస్తే సరిపోతుంది. 4/6కు 6ను 10తో భాగిస్తే 60 శాతం. 11/10కు 10ని 21తో భాగిస్తే 47.6 శాతం.

ఒకే మ్యాచ్‌లో ఒకరికి 4/6, ఇంకొకరికి 11/10 ఇచ్చారనుకుందాం. రెండు శాతాలను కలిపితే 107.6 వస్తుంది. ఇద్దరిలో ఒకరే గెలుస్తారు కాబట్టి అసలు మొత్తం 100 ఉండాలి, మిగిలిన 7.6 బుక్‌మేకర్ తన కోసం ఉంచుకున్న భాగం. దానిని దామాషాగా తీసివేస్తే మొదటివాడి అవకాశం 55.8 శాతమని, రెండోవాడిది 44.2 శాతమని బుక్‌మేకర్ అనుకుంటున్నాడని అర్థం. అంటే 4/6కు కాసి నష్టపోకుండా ఉండాలంటే మొదటివాడు 60 శాతం సార్లు గెలవాలి, కాని మార్కెట్ అంచనా 56 దగ్గరే ఉంది. ఈ నాలుగు శాతాల తేడాను పూడ్చగల కారణం మీ దగ్గర లేకపోతే ఆ మ్యాచ్‌ను ఊరికే చూసి ఆనందించడం మంచిది.

కలిపిన మొత్తం అన్ని పందేలలోనూ ఒకేలా ఉండదు. మ్యాచ్ విజేత పందెంలో అది తక్కువగా, కచ్చితమైన స్కోరు, అత్యధిక చెకవుట్ (ఒకే వంతులో లెగ్‌ను ముగించిన అతిపెద్ద స్కోరు) వంటి పందేలలో ఎక్కువగా ఉంటుంది. ఏ పందెమైనా కాసే ముందు అందులోని ధరలన్నిటినీ శాతాలుగా మార్చి కూడి చూసే అలవాటు చేసుకుంటే, మెరిసే ప్రకటనల్లో సగం వాటంతటవే వెలవెలబోతాయి. రెండు మూడు సంస్థల ధరలను పక్కపక్కన పెట్టి చూడటం కూడా తప్పనిసరి. ఒకే ఆటగాడికి ఒకచోట 4/6, మరోచోట 8/11 ఉండటం మామూలే.

మ్యాచ్ పొడవు చేసే పని

ఇక అసలు విషయానికి వద్దాం. ఇద్దరు ఆటగాళ్లలో మెరుగైనవాడు ఏ లెగ్‌నైనా గెలిచే అవకాశం 55 శాతం అనుకోండి. ఎవరు ముందు విసురుతారన్నది ప్రస్తుతానికి పక్కన పెడదాం. మూడు లెగ్‌లు ముందుగా గెలవవలసిన సెట్‌లో అతని అవకాశం 59 శాతానికి పెరుగుతుంది. మూడు సెట్లు గెలవవలసిన మ్యాచ్‌లో అది 67 శాతం, ఏడు సెట్లు గెలవవలసిన ఫైనల్లో దాదాపు 75 శాతం అవుతుంది. ఆటగాళ్లు వారే, నైపుణ్యం అదే, మారినది పొడవు మాత్రమే. పొడవు పెరిగేకొద్దీ అదృష్టానికి చోటు తగ్గుతుంది.

మొదటి రెండు రౌండ్లలో పెద్ద పేర్లు ఇంటిదారి పట్టడానికి కారణం ఇదే. 2019 డిసెంబరులో ఫాలన్ షెరాక్ ఈ పోటీలో మ్యాచ్ గెలిచిన తొలి మహిళ అయినప్పుడు, టెడ్ ఎవెట్స్‌ను 3-2తో, ఆ తరువాత 11వ సీడ్ (సీడ్ అంటే ర్యాంకును బట్టి పోటీలో ఇచ్చే క్రమసంఖ్య) మెన్సూర్ సుల్యోవిచ్‌ను 3-1తో ఓడించింది. రెండూ మూడు సెట్లు గెలవవలసిన మ్యాచ్‌లే. నాలుగు సెట్లు గెలవవలసిన మూడో రౌండులో క్రిస్ డోబీ చేతిలో 4-2తో ఓడింది. ఆమె ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు, ఆమె ఆ రెండు రాత్రులూ అద్భుతంగా విసిరింది. అయితే తక్కువ అంచనాలున్న ఆటగాడిపై కాయాలనుకునేవారు ఏ రౌండులో వెతకాలో ఆ మూడు స్కోర్లు చెబుతాయి.

పైన చెప్పిన లెక్కలో ఒక ఉచ్చు ఉంది, దానిని దగ్గరగా చూడాలి. మీ అంచనా 55 శాతం, కాబట్టి మూడు సెట్ల మ్యాచ్‌లో మీవాడి అవకాశం 67. బుక్‌మేకర్ 4/6 ఇస్తున్నాడు, అంటే 60 అడుగుతున్నాడు. 10 పౌండ్లు కాస్తే గెలిచినప్పుడు 6.67 పౌండ్ల లాభం. సగటున చూస్తే ప్రతి పందేనికీ ఒక పౌండు పైచిలుకు మిగలాలి. మంచి బేరమే. కాని లెగ్‌కు 55 అని మీరు అనుకున్నది నిజానికి 53 అయితే, మ్యాచ్ అవకాశం 60.4కు పడిపోతుంది, లాభం దాదాపు ఆవిరైపోతుంది. లెగ్ అంచనాలో రెండు శాతాల పొరపాటు మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి ఏడు శాతాల పొరపాటు అవుతుంది. ఎంత అనుభవం ఉన్నవారికైనా ఇద్దరు ఆటగాళ్ల మధ్య తేడాను రెండు శాతాల కచ్చితత్వంతో పట్టుకోవడం కష్టం. అందువల్ల మీ లెక్కకూ బుక్‌మేకర్ ధరకూ మధ్య ఒకటి రెండు శాతాల తేడా కనిపిస్తే దానిని లేనట్టే భావించాలి. అయిదారు శాతాలు కనిపించినప్పుడు, ముందుగా మీ లెక్కలోనే తప్పుందేమోనని వెతికి, దొరకకపోతేనే ముందుకు వెళ్లాలి.

ముందు విసిరే హక్కు

డార్ట్స్‌లో లెగ్‌ను ముందుగా మొదలుపెట్టినవాడికి అనుకూలత ఉంటుంది, ఎందుకంటే ఇద్దరూ సమానంగా తగ్గించుకుంటూ వస్తే డబుల్ వద్దకు ముందు చేరేది అతడే. దీనినే త్రో అంటారు. ఎదుటివాడి త్రోలో లెగ్ గెలవడం బ్రేక్. మ్యాచ్ మొదట్లో ఇద్దరూ బుల్‌కు గురిపెట్టి విసిరి, దగ్గరగా వేసినవాడు త్రో పొందుతాడు. ఆ తరువాత లెగ్‌లు, సెట్లు కూడా వంతులవారీగా మొదలవుతాయి.

ఇద్దరూ సమానులై, తమ త్రోలో 62 శాతం లెగ్‌లు గెలుస్తారనుకుంటే, సెట్‌ను మొదలుపెట్టినవాడికి ఆ సెట్ గెలిచే అవకాశం సుమారు 54.7 శాతం. కాని మూడు సెట్ల మ్యాచ్ మొత్తంలో, బుల్ గెలిచినవాడి అనుకూలత 51.8 శాతానికే పరిమితం, అంటే దాదాపు లేనట్టే. అందుచేత బుల్ ఎవరు గెలిచారన్నదాన్ని పట్టుకుని మ్యాచ్ పందెం మార్చుకోవడం అనవసరం. అదే ఆట నడుస్తున్నప్పుడు కాసే పందెంలో త్రో ప్రాణం. సెట్ మొదలుపెట్టినవాడు మొదటి లెగ్‌లోనే బ్రేక్ అయితే, 54.7గా ఉన్న అవకాశం ఒక్కసారిగా 30 శాతానికి జారిపోతుంది. తెరపై 0-1 అని చిన్నగా కనిపించే అంకె వెనుక ఇంత కథ ఉంటుంది. ఇద్దరిలో ఎవరి త్రోలో ఆ లెగ్ పోయిందో తెలియకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

ఒక క్వార్టర్ ఫైనల్ నడుస్తుండగా, సెట్ల మధ్య విరామంలో లేచి వెళ్లి తిరిగి వచ్చి, సెట్‌లో 2-2 వద్ద ఆఖరి లెగ్ త్రో నేను మెచ్చిన ఆటగాడిదేనన్న నమ్మకంతో 20 పౌండ్లు కాశాను. త్రో ఎదుటివాడిది. అప్పుడు తక్కువ ధర ఇవ్వవలసిన చోట బుక్‌మేకర్ ఎందుకంత ఉదారంగా ఎక్కువ ధర ఇస్తున్నాడని నేను ఆలోచించనే లేదు. ఆ రోజు నుంచి ప్రతి సెట్ మొదట్లో ఎవరు మొదలుపెట్టారో కాగితంపై రాసుకుంటున్నాను.

ఆఖరి సెట్‌కు వేరే నియమం ఉంది. తొలి రౌండు దాటిన తరువాత, నిర్ణయాత్మకమైన ఆఖరి సెట్‌ను రెండు లెగ్‌ల తేడాతో గెలవాలి. 5-5 దాకా సాగితే ఒకే ఒక లెగ్‌తో తేలుతుంది. 2007 ఫైనల్లో, అప్పట్లో పోటీ జరిగే పర్‌ఫ్లీట్‌లోని సర్కస్ టావెర్న్‌లో, రేమండ్ వాన్ బార్నెవెల్డ్ 0-3 సెట్ల వెనుకబాటు నుంచి కోలుకుని ఫిల్ టేలర్‌ను 7-6తో ఓడించినది సరిగ్గా అలాంటి తాడోపేడో లెగ్‌లోనే. మొత్తం లెగ్‌ల సంఖ్యపై పందెం కాసేవారు ఈ నియమాన్ని మరిచిపోకూడదు.

సగటును నమ్మవలసినంతవరకే నమ్మడం

టీవీ తెరపై ఎప్పుడూ కనిపించేది మూడు డార్ట్‌ల సగటు, అంటే ఒక వంతుకు సగటున వచ్చిన పాయింట్లు. వందకు దగ్గరగా ఉంటే గొప్ప ఆట. కాని 2017 సెమీఫైనల్లో మైకేల్ వాన్ గెర్వెన్ 114.05 సగటుతో ఆడినప్పుడు, ఎదురుగా ఉన్న బార్నెవెల్డ్ సగటు 109.34. ఏ ఇతర రాత్రయినా దాదాపు ఎవరినైనా ఓడించగల ఆ ఆటతో అతను 6-2 తేడాతో ఓడాడు. తరువాతి పోటీలో బార్నెవెల్డ్‌ను "ఓడిపోయి వచ్చినవాడు"గా చూసినవారు తప్పు చదివినట్టే.

సగటులో మరో చిక్కు ఉంది. డబుల్స్ తప్పిపోయిన వంతుల్లో ఆటగాడికి చాలా తక్కువ పాయింట్లు వస్తాయి, అవి సగటును కిందికి లాగుతాయి. కాబట్టి "సగటు తక్కువ, పైగా డబుల్స్ కూడా బాగోలేవు" అని రెండుసార్లు శిక్ష వేయడం ఒకే తప్పును రెండుసార్లు లెక్కించడమే. లెగ్‌లో తొలి తొమ్మిది డార్ట్‌ల సగటును, డబుల్స్ విజయ శాతాన్ని విడివిడిగా చూడటం దీనికి మందు. మొదటిది ఆటగాడి స్కోరింగ్ బలాన్ని చెబుతుంది, అది మ్యాచ్ నుంచి మ్యాచ్‌కు కొంత నిలకడగా ఉంటుంది. డబుల్స్ శాతం మాత్రం ఒక్క మ్యాచ్‌లో ఇరవై ముప్పై డార్ట్‌ల నుంచి పుట్టుకొచ్చే అంకె. నిన్న 60 శాతం వేసినవాడు ఇవాళ 30 వేయడానికి ఏ ప్రత్యేక కారణమూ అక్కరలేదు. నిన్నటి డబుల్స్ చూసి ఇవాళ ధర తగ్గిన ఆటగాడిపై కాయకండి. స్కోరింగ్ గట్టిగా ఉండి డబుల్స్ మాత్రమే తప్పి, అందువల్ల ధర పెరిగినవాడిని వెతకండి.

ఏడాది పొడవునా జరిగే ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ పోటీలు ప్రేక్షకుల హోరు లేకుండా, పక్కపక్కన బోర్డుల మీద, ఎక్కువగా చిన్న మ్యాచ్‌లుగా సాగుతాయి. అక్కడి సగటు విలువైనదే, కాని కొందరు అక్కడ సింహాలై వేదికపైకి వచ్చేసరికి చల్లబడిపోతారు. అందుకే టీవీ వేదికల మీద వారి అంకెలను విడిగా చూడాలి.

ర్యాంకు, డ్రా, విజేత పందెం

ప్రపంచ ర్యాంకులను పాయింట్లతో లెక్కించరు, గత రెండేళ్లలో గెలిచిన బహుమతి సొమ్ముతో లెక్కిస్తారు. దీని పర్యవసానాలు రెండు. మొదటిది, ఇప్పుడే ఎదుగుతున్న ఆటగాడు తన స్థాయికంటే చాలా కింద కనిపిస్తాడు. 2024 పోటీలో సీడ్ లేకుండా ప్రవేశించిన 16 ఏళ్ల లూక్ లిట్లర్ ఫైనల్ చేరి లూక్ హంఫ్రీస్ చేతిలో 7-4తో ఓడాడు, మరుసటి ఏడాది వాన్ గెర్వెన్‌ను 7-3తో ఓడించి 17 ఏళ్లకే విజేత అయ్యాడు. 2018లో వృత్తి ఆటగాడైన ఏడాదిలోపే రాబ్ క్రాస్ తన తొలి ప్రపంచ పోటీని, ఫైనల్లో టేలర్‌ను 7-2తో ఓడించి గెలుచుకున్నాడు. రెండవది, రెండేళ్ల కిందటి ఒక్క పెద్ద గెలుపు ఆటగాడిని పైన నిలబెట్టి ఉంచుతుంది, అది జాబితా నుంచి తొలగిన రోజున అతను దబ్బున కింద పడతాడు. 2023 విజేత మైకేల్ స్మిత్ 2025 పోటీ రెండో రౌండులో కెవిన్ డూట్స్ చేతిలో 3-2తో ఓడాక మొదటి పదిమందిలో చోటు కోల్పోయింది ఈ కారణంగానే. సీడ్ సంఖ్యను చూసి అవకాశం అంచనా వేసేవారికి ఈ రెండూ ఎదురుదెబ్బలే. వాటిని ముందుగా గమనించినవారికి అవే అవకాశాలు.

టోర్నమెంట్ విజేతపై కాయాలనుకుంటే, ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే డ్రా వెలువడిన తరువాత కాయడం మేలు. డ్రాకు ముందు ధర కొంత ఎక్కువ ఉండవచ్చు, కాని మీ ఆటగాడి భాగంలోకి ఇద్దరు ముగ్గురు గట్టివాళ్లు వచ్చిపడితే ఆ ఎక్కువకు విలువ లేదు. డ్రాను నాలుగు భాగాలుగా కత్తిరించి, సెమీఫైనల్ దాకా అతనికి ఎదురుపడగలవారిని వరుసగా రాసుకోండి. లిట్లర్ వంటి ఒక్క ఫేవరెట్ ధరను బాగా కిందికి నొక్కేసిన సంవత్సరాల్లో, అతను లేని అర్ధభాగంలోని బలమైన ఆటగాడిపై ఈచ్-వే పందెం ఆలోచించదగినది. ఈచ్-వే అంటే రెండు పందేలు: సగం విజేతపై, సగం స్థానంపై, డార్ట్స్‌లో సాధారణంగా ఫైనల్ చేరితే సగం ధర ఇస్తారు. 40/1 వద్ద రెండు వైపులా పదేసి పౌండ్లు, అంటే మొత్తం 20 పౌండ్లు కాస్తే, మీవాడు ఫైనల్ చేరి ఓడిపోయినా స్థానం పందెం 20/1 వద్ద 200 పౌండ్ల లాభం తెస్తుంది, విజేత పందెంలోని 10 పౌండ్లు పోతాయి, చేతికి 190 మిగులుతాయి. స్థానాల షరతులు సంస్థను బట్టి మారుతాయి కాబట్టి కాసే ముందే చదువుకోవాలి.

ఇతర పందేలు

180ల పందేలలో, అంటే వంతులో మూడు డార్ట్‌లనూ ట్రెబుల్ 20లో (20కి మూడు రెట్లు, 60 పాయింట్లు ఇచ్చే చోట) వేయడంపై కాసే పందేలలో, గెలుపోటములకంటే మ్యాచ్ ఎన్ని లెగ్‌లు సాగుతుందన్నదే ముఖ్యం. ఒకడు 3-0తో చుట్టేసే మ్యాచ్‌లో 180లు ఎలా పేరుకుంటాయి? రెండో సంగతి శైలి: మొదటి డార్ట్ ట్రెబుల్ 20కి అడ్డుగా దిగినప్పుడు కొందరు మొండిగా అక్కడే విసురుతారు, మరికొందరు వెంటనే ట్రెబుల్ 19కి మళ్లుతారు. రెండోరకం ఆటగాడు మెరుగైనవాడే కావచ్చు, కాని "ఎక్కువ 180లు ఎవరివి" అన్న పందెంలో వెనుకబడతాడు. మ్యాచ్ ఓడిపోయేవాడు ఈ పందెం గెలవడం తరచుగా జరుగుతుంది; ఇందులో శ్రద్ధ పెట్టేవారికి మంచి ధరలు దొరికే చోటు ఇదేనని నా అభిప్రాయం.

సెట్ల హ్యాండిక్యాప్ (ఒకరికి ముందే కొన్ని సెట్లు కలిపి లెక్కించే పందెం), మొత్తం సెట్లు అన్నవి మ్యాచ్ విజేత పందేనికి దగ్గరి చుట్టాలు, అదే లెక్కతో సాగుతాయి. తొమ్మిది డార్ట్‌ల లెగ్ పందెం, అంటే 501ని అతి తక్కువగా తొమ్మిది డార్ట్‌లతోనే ముగించడంపై కాసేది, మాత్రం సరదా. 2023 ఫైనల్లో వాన్ గెర్వెన్ ఎనిమిది డార్ట్‌లు సరిగ్గా వేసి తొమ్మిదవదానితో డబుల్ 12 తప్పాడు, వెంటనే అదే లెగ్‌లో స్మిత్ తన తొమ్మిదవ డార్ట్‌ను అదే డబుల్ 12లో దింపాడు. అలాంటి క్షణాన్ని ముందే లెక్కగట్టగలనని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇతర పెద్ద పోటీలకు వెళ్లేవారు ముందుగా నియమాలు చూసుకోవాలి. బ్లాక్‌పూల్‌లోని వరల్డ్ మ్యాచ్‌ప్లేలో సెట్లు ఉండవు, లెగ్‌లే. మామూలుగా రెండు లెగ్‌ల తేడాతో గెలవాలి. వరల్డ్ గ్రాండ్ ప్రిలో లెగ్‌ను మొదలుపెట్టడానికి కూడా డబుల్ వేయాలి కాబట్టి పెద్ద స్కోరర్ల బలం కొంత తగ్గుతుంది. మైన్‌హెడ్‌లో జరిగే యూకే ఓపెన్‌లో తొలి రౌండ్ల తరువాత ప్రతి రౌండుకూ కొత్తగా డ్రా తీస్తారు, దారి ఊహించే లెక్క అక్కడ చెల్లదు.

ప్రేక్షకులు, టీవీ ఆలస్యం

అలెగ్జాండ్రా ప్యాలెస్ ప్రేక్షకులు నిశ్శబ్దంగా కూర్చునే రకం కాదు. ఇష్టంలేని ఆటగాడు డబుల్‌కు గురిపెట్టినప్పుడు ఈలలు వేస్తారు. 2023 క్వార్టర్ ఫైనల్లో గెర్విన్ ప్రైస్ ఆ గోల భరించలేక మధ్యలో చెవులకు శబ్దనిరోధకాలు పెట్టుకుని ఆడి, గాబ్రియెల్ క్లెమెన్స్ చేతిలో 5-1తో ఓడాడు. ఇది ధరలో ఎంతో కొంత చేరి ఉంటుంది, కాబట్టి దీనికొక్కదానికే పందెం కాయడం సరికాదు. రెండు మార్గాల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు మొగ్గు చూపడానికి పనికొస్తుంది.

ఆట నడుస్తుండగా కాసేవారు ఒక నిజం గుర్తుంచుకోవాలి: మీ తెరపై కనిపించే డార్ట్ బోర్డులో దిగి అప్పటికే కొన్ని సెకన్లు గడిచిపోయి ఉంటాయి. హాలులో కూర్చున్నవాడు మీకంటే ముందు చూస్తాడు, బుక్‌మేకర్‌కు అందే సమాచారమూ మీకంటే ముందే అందుతుంది. డబుల్ వద్ద డార్ట్ గాలిలో ఉండగా ధరను పట్టుకోవాలన్న ఆశ వదులుకుని, సెట్ల మధ్య విరామంలో మాత్రమే కాయడం మంచిది. అప్పుడు ఎవరి త్రోతో తరువాతి సెట్ మొదలవుతుందో చూసి, తీరిగ్గా లెక్క వేసుకునే సమయం ఉంటుంది.

సొమ్ము

పోటీ మొదలవకముందే, మొత్తం పోయినా ఇంటి ఖర్చులకు ఇబ్బంది రానంత సొమ్మును పక్కన పెట్టి, దానిని వంద భాగాలు చేయండి. ఒక్కో పందేనికి ఒక భాగం, గట్టి నమ్మకం ఉన్నచోట రెండు. ఓడిన రాత్రి చివరి మ్యాచ్‌పై రెట్టింపు కాసి అంతా రాబట్టుకోవాలన్న ఆలోచన వచ్చిన మరుక్షణం ఫోన్ పక్కన పెట్టండి. పందెం కాసిన ప్రతిసారీ తేదీ, ధర, మీ అంచనా శాతం, మ్యాచ్ మొదలయ్యే సమయానికి ధర ఎటు కదిలింది అన్నవి రాసుకోండి. మీరు 6/4కు కాసిన ఆటగాడు మ్యాచ్ మొదలయ్యే సరికి 11/10కు వస్తే, ఆ మ్యాచ్ ఓడినా మీ చూపు సరైన దిక్కులోనే ఉంది. యాభై అరవై పందేల తరువాత కూడా ధర మీకు ఎదురుగానే కదులుతుంటే, గెలిచిన సొమ్ము ఉన్నా అది అదృష్టమే. ఆపలేకపోతున్నామని అనిపించినవారికి బ్రిటన్‌లో గ్యామ్‌స్టాప్ అనే ఉచిత సదుపాయం ఉంది. అందులో పేరు నమోదు చేసుకుంటే లైసెన్సున్న ఆన్‌లైన్ సంస్థలన్నీ మీకు తలుపులు మూసేస్తాయి.

ఫైనల్ రోజు ఎదురయ్యే ప్రశ్న

ముందుగా 16/1 వద్ద 10 పౌండ్లు కాసిన ఆటగాడు ఫైనల్ చేరాడనుకోండి. గెలిస్తే 160 పౌండ్ల లాభం, ఓడితే 10 పౌండ్లు పోతాయి. ఫైనల్ ధర మీవాడికి 6/4, ఎదుటివాడికి 8/15. ఇప్పుడు ఎదుటివాడిపై 110.87 పౌండ్లు కాస్తే, ఎవరు గెలిచినా మీకు 49 పౌండ్ల పైన మిగులుతుంది: మీవాడు గెలిస్తే 160లోంచి 110.87 పోతుంది, ఎదుటివాడు గెలిస్తే 59.13 వచ్చి మొదటి 10 పోతుంది.

నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోతుందన్న భయంతో చాలామంది ఇలా చేస్తారు. అయితే ఈ రెండు ధరల మొత్తం 105 శాతం దాటుతుంది; బుక్‌మేకర్ వాటా తీసేస్తే మీవాడి అవకాశం సుమారు 38 శాతం, అంటే ఏమీ చేయకుండా కూర్చుంటే మీ పందెం సగటు విలువ 54 పౌండ్లకు పైనే. ఎదుటివాడిపై కాసి 49 ఖాయం చేసుకోవడానికి మీరు అయిదు పౌండ్లకు పైగా రుసుము చెల్లిస్తున్నారు. ఆ నలభై తొమ్మిదీ మీకు నిజంగా అవసరమైన సొమ్మయితే చెల్లించవచ్చు. కాని అలా అవసరమైతే మొదట్లో వంద భాగాలు చేసినప్పుడు లెక్క తప్పినట్టు. నేనైతే సగం మాత్రమే, అంటే 55 పౌండ్లు, ఎదుటివాడిపై కాసి, మిగిలిన సగాన్ని ఆటకే వదిలేస్తాను. అప్పుడు మీవాడు గెలిస్తే 105 పౌండ్లు మిగులుతాయి, ఓడితే 19 పౌండ్ల పైచిలుకు చేతికొస్తుంది. ఈ లెక్క ఫైనల్ మొదలయ్యే ముందే కాగితంపై పూర్తిచేసుకోవాలి. మొదటి సెట్ పోయాక ధరలు రెండూ మారిపోతాయి, చేతులూ వణుకుతాయి.